నీళ్ళ బిల్లు ఎందుకు పెరిగింది? ఎవరిని, ఏమని అడగాలి?

బ్రిటన్‌లో ఉంటున్న పాఠకుల నుంచి ఈమధ్య వచ్చిన ప్రశ్నల్లో నీళ్ళ బిల్లులవే ఎక్కువ. కరెంటు, గ్యాసు అయితే కంపెనీ మార్చుకోవచ్చు. నీళ్ళకు ఆ వీలు లేదు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి కంపెనీకే కట్టాలి. బిల్లు తగ్గించుకునే దారులు కూడా ఆ కంపెనీ గడపలోనే ఉంటాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, నీళ్ళ కంపెనీ అసలే పెట్టదు. కింది జవాబులు ముఖ్యంగా ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తిస్తాయి.

ప్రశ్న: మా వాడకం ఏమీ మారలేదు. అయినా 2025 ఏప్రిల్ నుంచి బిల్లు బాగా పెరిగింది. పక్క ఊళ్ళో ఉన్న మా తమ్ముడికి ఇంత పెరగలేదట. కారణం ఏమిటి? (రెడింగ్)

జవాబు: ఇక్కడ నీటి సరఫరాను 1989లో ప్రైవేటు కంపెనీలకు అమ్మేశారు. ఆ కంపెనీలు ఎంత వసూలు చేయొచ్చో ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థ అయిదేళ్ళకోసారి తేలుస్తుంది. 2025–30 కాలానికి తీర్పు 2024 డిసెంబరు 19న వచ్చింది. దాని ప్రకారం అయిదేళ్ళలో సగటు బిల్లు 36 శాతం పెరుగుతుంది, ద్రవ్యోల్బణం దీనికి అదనం. ఆ పెంపును ఏటా కొంచెం కొంచెంగా కాకుండా మొదటి ఏడాదే ఎక్కువ భాగం వేసేశారు. 2025 ఏప్రిల్‌లో సగటున 26 శాతం, అంటే ఏడాదికి 123 పౌండ్లు పెరిగి సగటు బిల్లు 603 పౌండ్లకు చేరింది. మీకు తగిలిన దెబ్బ అదే.

కంపెనీని బట్టి తేడా చాలా ఉంది. థేమ్స్ వాటర్ పరిధిలో సగటున 31 శాతం పెరిగి 639 పౌండ్లయితే, సదరన్ వాటర్ పరిధిలో 47 శాతం పెరిగి 703 పౌండ్లయింది. మీ తమ్ముడి ఇల్లు వేరే కంపెనీ కింద ఉండి ఉంటుంది. అదీ కాకపోతే ఒకరికి మీటరు ఉండి, ఇంకొకరికి లేకపోయి ఉంటుంది.

ఈ డబ్బు దేనికి? అయిదేళ్ళకు ఒప్పుకున్న మొత్తం ఖర్చు 104 బిలియన్ పౌండ్లు. వాన గట్టిగా పడినప్పుడు మురుగు నీరు నేరుగా నదుల్లోకి పొంగిపోకుండా ఆపడం, శుద్ధి కేంద్రాల్లో ఫాస్ఫరస్ తీసేయడం, పాత పైపులు మార్చడం, కొత్త జలాశయాలు కట్టడం ఇందులో ఉన్నాయి. డెర్బీషైర్‌లోని కార్సింగ్టన్ తర్వాత, అంటే 1992 తర్వాత, ఇంగ్లండ్‌లో పెద్ద తాగునీటి జలాశయం ఒక్కటీ పూర్తి కాలేదు. జనాభా మాత్రం ఆగలేదు. లండన్ కింద 25 కిలోమీటర్ల పొడవున తవ్విన టైడ్‌వే మురుగు సొరంగం ఖర్చు థేమ్స్ మురుగునీటి ఖాతాదారులందరి బిల్లుల్లోనూ ఉంది, రెడింగ్‌లో ఉన్న మీతో సహా.

ఇది నాణేనికి ఒక వైపే. ముప్పై అయిదేళ్ళలో కంపెనీలు భారీగా అప్పులు చేశాయి, వాటాదార్లకు లాభాలు పంచాయి. ఎప్పటికప్పుడు చేయాల్సిన మరమ్మతులు వాయిదా పడ్డాయి. ఇప్పుడు వడ్డీ రేట్లు పెరిగిన కాలంలో ఆ పనులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నీటి రంగాన్ని సమీక్షించడానికి సర్ జాన్ కన్లిఫ్ అధ్యక్షతన వేసిన కమిషన్ 2025 జులైలో నివేదిక ఇచ్చింది. ఆఫ్‌వాట్‌ను రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దాంతో బిల్లు తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఏటా ఏప్రిల్‌లో, అంతకు ముందు నవంబరు ద్రవ్యోల్బణాన్ని కూడా కలుపుతూనే ఉంటారు.

ప్రశ్న: మూడు బెడ్‌రూమ్‌ల అద్దె ఇంట్లో నేనూ మావారూ ఇద్దరమే ఉంటున్నాం. మీటరు లేదు. పెట్టించుకుంటే లాభమా? ఇంటి ఓనరు ఒప్పుకోవాలా? (లెస్టర్)

జవాబు: మీ విషయంలో దాదాపు కచ్చితంగా లాభమేనండీ. మీటరు లేని ఇంటికి బిల్లు వేసేది ‘రేటబుల్ వాల్యూ’ మీద. అది ఆ ఇంటికి 1990కి ముందెప్పుడో కట్టిన అద్దె విలువ. మీరు ఇద్దరున్నా ఎనిమిదిమంది ఉన్నా అదే బిల్లు. బెడ్‌రూమ్‌ల సంఖ్య కంటే మనుషులు తక్కువైతే మీటరు పెట్టించుకోండి, ఎక్కువైతే ఆలోచించండి అన్నది ఇక్కడ అందరూ పాటించే మోటు లెక్క.

కాస్త సరైన లెక్క ఇలా వేసుకోండి. మనిషికి రోజుకు సగటున 140 లీటర్లు. ఇద్దరికి ఏడాదికి సుమారు 102 ఘనమీటర్లు (ఒక ఘనమీటరు అంటే వెయ్యి లీటర్లు). ప్రసవానికో, మనవడిని చూడటానికో అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటే ఇంకో 51. మొత్తం 153. దీన్ని మంచినీటి ధరతో గుణించండి. మురుగునీటి ధరను కంపెనీని బట్టి అందులో 90–95 శాతానికే వేస్తారు, వాడిన నీళ్ళన్నీ మురుగులోకి పోవు కాబట్టి. రెండింటి స్థిర చార్జీలూ కలపండి. ధరలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. వినియోగదారుల తరఫున పనిచేసే సీసీడబ్ల్యూ సంస్థ సైట్‌లో ఈ లెక్క వేసిపెట్టే కాలిక్యులేటర్ కూడా ఉంది.

బకెట్టు స్నానం అలవాటున్నవారికి మీటరు ఇంకా కలిసొస్తుంది. ఒక బకెట్టు ఇరవై లీటర్లు. నిమిషానికి పది లీటర్లు పోసే షవరు కింద ఎనిమిది నిమిషాలుంటే ఎనభై. వేడినీళ్ళు కాబట్టి గ్యాసు బిల్లులోనూ ఆ తేడా తెలుస్తుంది.

మీటరు బిగించడం ఉచితం. అద్దె ఒప్పందం ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలానికి రాసుకుని ఉంటే అడిగే హక్కు మీకే ఉంది. అయినా ఓనరుకు ముందే ఒక మాట రాతపూర్వకంగా చెప్పండి, ఎందుకంటే మీ తర్వాత వచ్చేవాళ్ళు పాత పద్ధతికి వెళ్ళలేరు. మీకు నచ్చకపోతే చాలా కంపెనీల్లో రెండేళ్ళలోపు వెనక్కి మారొచ్చు. నీటి కొరత ఉన్న ఆగ్నేయ ప్రాంతాల్లో కంపెనీయే తప్పనిసరిగా పెట్టిన మీటరుకు ఈ సౌకర్యం ఉండదు.

కొన్ని ఫ్లాట్లలో పైపులు కలిసి ఉండటం వల్ల మీటరు పెట్టడం కుదరదు. అలా తేలితే ఊరుకోకండి. ‘అసెస్‌డ్ చార్జ్’ వేయమని అడగండి. బెడ్‌రూమ్‌లనో మనుషులనో బట్టి వేసే ఆ బిల్లు చిన్న కుటుంబానికి తక్కువే పడుతుంది. ఒక్కరే ఉంటే ఒంటరి నివాసి ధర ఉందేమో కూడా అడగండి.

ప్రశ్న: మీటరు ఉంది. గత ఆరు నెలల బిల్లు అంతకు ముందుదానికి రెట్టింపు వచ్చింది. నీళ్ళు కారుతున్నట్టు ఎక్కడా కనపడదు. మీటరే తప్పుగా తిరుగుతోందా? (స్లౌ)

జవాబు: మీటరును అనుమానించే ముందు చూడాల్సినవి మూడున్నాయి. వరసగా చూడండి.

మొదట బిల్లులో రీడింగు పక్కన అది ‘అంచనా’ అని ఉందో, ‘అసలు’ అని ఉందో చూడండి. గతసారి తక్కువ అంచనా వేసి, ఈసారి అసలు రీడింగు తీసుంటే పాత బాకీ అంతా ఇప్పుడు పడుతుంది. అది లీకు కాదు. మీటరులో నల్ల అంకెలు ఘనమీటర్లు, ఎర్ర అంకెలు లీటర్ల లెక్క. బిల్లుకు నల్లవే తీసుకోవాలి. ఎర్ర అంకెలు కూడా కలిపి పంపితే వాడకం వందల రెట్లు కనపడుతుంది. ఈ పొరపాటు చేసేవారు తక్కువేం కాదు.

రెండోది, రాత్రి పరీక్ష. అందరూ పడుకునే ముందు మీటరు మూత తీసి, ఎర్ర అంకెలతో సహా ఫోటో తీయండి. బయటి మీటరైతే చలికి గడ్డకట్టకుండా పెట్టిన తెల్లటి థర్మాకోల్ మూత కింద ఉంటుంది. వాషింగ్ మెషీను, డిష్‌వాషరు ఆపేయండి. పొద్దున ఎవరూ కుళాయి తిప్పకముందు మళ్ళీ ఫోటో తీయండి. అంకె కదిలితే లీకు ఉన్నట్టే. స్మార్ట్ మీటరున్నవాళ్ళు తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య గంటవారీ వాడకం చూసుకుంటే చాలు. అక్కడ ఎప్పుడూ సున్నా రాకపోతే నీళ్ళు పోతూనే ఉన్నాయి.

మూడోది, ఎక్కడ అన్నది. ఇంటి లోపలి స్టాప్ ట్యాప్ (ఇంటికొచ్చే నీళ్ళన్నీ ఆపే కుళాయి) సాధారణంగా వంటింటి సింకు కింద ఉంటుంది. దాన్ని పూర్తిగా మూసి మళ్ళీ మీటరు చూడండి. ఇంకా తిరుగుతుంటే మీటరుకూ ఇంటికీ మధ్య భూమిలో ఉన్న పైపు కారుతోంది. ఆగిపోతే లీకు ఇంట్లోనే.

ఇంట్లోనే అయితే పదింట తొమ్మిదిసార్లు దొంగ టాయిలెట్ అనుకోండి. రెండు బటన్ల ఫ్లష్ ట్యాంకుల్లో అడుగున ఉండే రబ్బరు వాషరు ఇసుక, సున్నం పట్టి సరిగ్గా మూసుకోదు. నీళ్ళు కమోడు వెనక గోడ మీదుగా చప్పుడు లేకుండా, కనపడనంత పల్చగా జారిపోతుంటాయి. అలా రోజుకు 200 నుంచి 400 లీటర్లు పోవచ్చు. 400 లీటర్లంటే దాదాపు ముగ్గురు మనుషుల వాడకం, ఏడాదికి 146 ఘనమీటర్లు. మీ ఇంట్లో ముగ్గురు కనపడని చుట్టాలు మకాం వేసినట్టే.

పట్టుకోవడం తేలిక. ఫ్లష్ చేసి అరగంట ఆగండి. కమోడు వెనక గోడను టిష్యూతో పొడిగా తుడిచి, దాని మీద మరో పొడి టిష్యూ అతికించి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు తడిసినా చిరిగినా లీకే. లేదంటే ట్యాంకులో మిఠాయి రంగు నాలుగు చుక్కలు వేసి గంటాగి చూడండి. కమోడులో రంగు కనపడితే వాషరు పోయినట్టు.

ఇక ఏ భాగం పాడయిందో ట్యాంకు మూత తీసి చూస్తే తెలుస్తుంది. నీటిమట్టం మధ్య గొట్టం అంచు దాకా వచ్చి లోపలికి పొర్లుతుంటే నీళ్ళు ఆపాల్సిన ఫిల్ వాల్వ్ పోయింది. మట్టం అంచుకన్నా కిందే ఉండి కూడా కమోడులో నీళ్ళు పారుతుంటే అడుగు వాషరు పోయింది. వాషరు మారుస్తే సరిపోయేదానికి మొత్తం ట్యాంకు మార్చాలని చెప్పే ప్లంబర్లు ఉంటారు, జాగ్రత్త. చాలా కంపెనీలు లీకయ్యే టాయిలెట్లు కనిపెట్టడానికి చీటీలు, నీళ్ళు పొదుపు చేసే షవరు తలలు ఉచితంగా పంపుతాయి. కొన్ని మనిషిని కూడా పంపి చూపిస్తాయి.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన అనుమానితుడు ఇంకొకటి ఉంది, టాయిలెట్ పక్కన మనం పెట్టించుకునే జెట్ స్ప్రే. టీ వాల్వ్ (స్ప్రేకు వెళ్ళే నీళ్ళు ఆపే చిన్న కుళాయి) కట్టకుండా చేతి మీటతోనే ఆపితే గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, నెలల్లోనే కారడం మొదలవుతుంది. పైగా మురికి నీరు తాగునీటి పైపులోకి వెనక్కి పీల్చుకోకుండా తగిన రక్షణ ఉండాలని 1999 నాటి నీటి అమరికల నిబంధనలు చెబుతున్నాయి. ఊరికే టీ ముక్క కలిపి బిగిస్తే ఆ నిబంధన తప్పినట్టే. నిబంధనలు తెలిసిన ప్లంబరు చేత పెట్టించుకోండి.

లీకు భూమిలోని పైపులో ఉందని తేలితే, బాగు చేయించాల్సింది ఇంటి యజమానే అయినా, పోయిన నీటికి బిల్లు తగ్గించమని ‘లీక్ అలవెన్స్’ అడగొచ్చు. సాధారణంగా ఒకసారే ఇస్తారు. బాగు చేయించిన రసీదు, తర్వాతి రీడింగులు కావాలి. గడువులోగా బాగు చేయించాలి. టాయిలెట్, కుళాయి లీకులకు ఇది మామూలుగా రాదు. ఇవేవీ కాకపోతే అప్పుడు మీటరు పరీక్ష అడగండి. దానికంటే ముందు ఆ మీటరు మీదేనా, పక్కింటిదా అన్నది తేల్చుకోండి. మీ స్టాప్ ట్యాప్ మూశాక కూడా పక్కింటివాళ్ళు కుళాయి తిప్పినప్పుడల్లా అది కదులుతుంటే ఖాతాలు తారుమారయ్యాయన్నమాట.

ప్రశ్న: స్కిల్డ్ వర్కర్ వీసా. నా ఒక్కడి జీతం మీదే నలుగురం. వీసా మీద ‘ప్రభుత్వ నిధులు వర్తించవు’ అని ఉంది. నీళ్ళ బిల్లులో రాయితీకి దరఖాస్తు పెడితే వీసాకు ఇబ్బందా? (కొవెంట్రీ)

జవాబు: ఈ భయంతోనే అర్హత ఉన్నవాళ్ళు ఎంతోమంది అడగడం మానేస్తున్నారు. ‘ప్రభుత్వ నిధులు’ అంటే ప్రభుత్వం చేసే సాయమంతా కాదు. ఇమిగ్రేషన్ నిబంధనల్లో వాటికో జాబితా ఉంది. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను) తగ్గింపు లాంటివి అందులో ఉన్నాయి. నీటి కంపెనీ తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే తగ్గింపు ధర, అంటే ‘సోషల్ టారిఫ్’, ఆ జాబితాలో లేదు. అసలు ఆ డబ్బు ఖజానాది కాదు, అదే కంపెనీకి మిగతా ఖాతాదారులు కట్టేదాంట్లోంచి సర్దేది.

అయితే ప్రతి కంపెనీ పథకం ఒకేలా ఉండదు. థేమ్స్‌లో వాటర్‌హెల్ప్ (అర్హులకు బిల్లు సగం అవుతుంది), సెవర్న్ ట్రెంట్‌లో బిగ్ డిఫరెన్స్ స్కీమ్, అఫినిటీలో లిఫ్ట్, యార్క్‌షైర్‌లో వాటర్‌సపోర్ట్, వేల్స్‌లో హెల్ప్‌యూ, ఇలా పేరుపేరునా వేరు. కొన్నిటికి ఇంటి మొత్తం ఆదాయం ఒక పరిమితిలోపు ఉంటే చాలు. కొన్నిటికి ఫలానా బెనిఫిట్ వస్తుండాలి. మీరు వెళ్ళాల్సింది ఆదాయం దారిన. ఫోను చేసినప్పుడు ‘మాకు బెనిఫిట్లేవీ రావు, ఆదాయం ఆధారంగా ఇచ్చే పథకం ఏముంది?’ అని సూటిగా అడగండి. పరిమితులు ఏటా మారుతుంటాయి కాబట్టి నిరుడు కాదన్నా ఈ ఏడు మళ్ళీ అడగొచ్చు.

చేతిలో పెట్టుకోవాల్సినవి: బిల్లు మీది ఖాతా నంబరు, ఈమధ్యటి జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ మొత్తాలు. ఆదాయం దగ్గర ఊరికి పంపే డబ్బును తీసేసి రాయకండి, అడిగింది మొత్తం ఆదాయం. మంచినీళ్ళు ఒక కంపెనీ, మురుగు ఇంకో కంపెనీ చూసే ప్రాంతాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట రాయితీ రెండింటికీ వర్తిస్తుందా, రెండు దరఖాస్తులు పెట్టాలా అన్నది తప్పక అడగండి. సగం రాయితీ పోగొట్టుకునేది ఇక్కడే.

దంపతుల్లో ఒకరికి స్థిర నివాసమో బ్రిటిష్ పౌరసత్వమో ఉండి, వారి పేరు మీద బెనిఫిట్లు అడగాలనుకుంటే మాత్రం ముందు ఇమిగ్రేషన్ సలహాదారును కలవండి. అది వేరే లెక్క.

ప్రశ్న: మా అత్తగారికి స్టోమా (విసర్జన కోసం పొట్ట మీద ఆపరేషన్ చేసి పెట్టిన రంధ్రం) ఉంది. బట్టలు, దుప్పట్లు రోజూ ఉతకాలి. మీటరు తిరుగుతూనే ఉంటుంది. సాయం ఏమైనా ఉందా? యూనివర్సల్ క్రెడిట్ వస్తోంది. (లండన్)

జవాబు: ఉందండీ, ‘వాటర్‌ష్యూర్’. ఇది అన్ని కంపెనీలూ ఇవ్వాల్సిన పథకం. మూడు షరతులు. మీటరు ఉండాలి, లేదా పెట్టమని అడిగి ఉండాలి. ఇంట్లో ఎవరికైనా ఆదాయాన్ని బట్టి ఇచ్చే బెనిఫిట్ వస్తుండాలి. మూడోది, ఎక్కువ నీళ్ళు తప్పనిసరయ్యే జబ్బైనా ఉండాలి, లేదా చైల్డ్ బెనిఫిట్ వచ్చే పిల్లలు ముగ్గురైనా ఉండాలి. స్టోమా, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్, మూత్రం ఆపుకోలేకపోవడం, చర్మం ఊడిపోయే లేదా రసి కారే జబ్బులు, ఇంట్లో డయాలసిస్ లాంటివి గుర్తింపులో ఉన్నాయి. వర్తిస్తే ఎంత వాడినా బిల్లు ఆ కంపెనీ సగటు మీటరు బిల్లును దాటదు. మామూలుగా ఏటా పునరుద్ధరించుకోవాలి, మరిచిపోతే పాత బిల్లు మళ్ళీ మొదలు. మీకు సోషల్ టారిఫ్‌లో ఇంకా తక్కువ పడొచ్చు, రెండూ లెక్క వేసి చెప్పమనండి. ‘ప్రయారిటీ సర్వీసెస్’ రిజిస్టరులో కూడా పేరు రాయించండి, సరఫరా ఆగిన రోజున సీసా నీళ్ళు ఇంటికి తెచ్చిస్తారు.

ప్రశ్న: అయిదుగురు విద్యార్థులం ఇల్లు తీసుకున్నాం. కౌన్సిల్ ట్యాక్స్ లేదన్నారు, నీళ్ళకూ లేదనుకున్నాం. ఇప్పుడు ఏడాది బాకీ వచ్చింది, అదీ నా ఒక్కడి పేరు మీద. (లీడ్స్)

జవాబు: కౌన్సిల్ ట్యాక్స్ మినహాయింపుకూ నీళ్ళకూ సంబంధం లేదు. ఒకే ఒప్పందం మీద ఇల్లు తీసుకుంటే అందులో ఉంటున్న పెద్దవాళ్ళందరూ బిల్లుకు ఉమ్మడి బాధ్యులు. ఒప్పందం కాపీ పంపి, అయిదుగురి పేర్లూ ఖాతాలో చేర్పించండి. గదులు విడివిడిగా అద్దెకిచ్చిన ఇల్లయితే సాధారణంగా కట్టాల్సింది ఓనరు. ఓనరే నీళ్ళ డబ్బులు వసూలు చేస్తుంటే, తాను కంపెనీకి కట్టిన దానిమీద కొద్దిపాటి నిర్వహణ ఖర్చు తప్ప ఎక్కువ తీసుకోకూడదని 2006 నాటి వాటర్ రీసేల్ ఆర్డర్ చెబుతోంది. అసలు బిల్లు చూపించమని అడగండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కనీసం రెండు పని దినాల ముందు కంపెనీకి చెప్పి, తాళాలిచ్చే రోజు మీటరు ఫోటో తీసుకోండి. లేకపోతే మీ తర్వాత చేరినవాళ్ళ స్నానాలకు కూడా మీరే కట్టాల్సి రావచ్చు.

ప్రశ్న: ఉద్యోగం పోయి ఎనిమిది నెలలుగా కట్టలేదు. కుళాయి కట్ చేస్తారా? (ఊరు రాయలేదు)

జవాబు: చేయలేరు. బాకీ ఉందని ఇంటికి నీళ్ళు ఆపడం, ధార తగ్గించడం 1999 చట్టంతో నిషిద్ధం. అలాగని ఉత్తరాలు విప్పకుండా పక్కన పడేయకండి. కౌంటీ కోర్టుకు వెళ్ళి తీర్పు తెచ్చుకుంటారు. తీర్పు వచ్చిన నెలలోపు మొత్తం కట్టేస్తే రికార్డు నుంచి తీసేస్తారు, లేకపోతే అది ఆరేళ్ళు మీ క్రెడిట్ రికార్డు మీద ఉంటుంది. రేపు ఇంటి లోను అడిగినప్పుడు ఎదురవుతుంది.

ఫోను చేసి మూడు అడగండి. మీ ఆదాయానికి తగ్గ నెలసరి వాయిదా మొదటిది. మీరు వరసగా కడుతుంటే పాత బాకీలో కొంత కంపెనీ తన వంతుగా కొట్టేసే పథకం ఉందా అన్నది రెండోది. ఉద్యోగం పోయినవారికి కొంతకాలం చెల్లింపు విరామం మూడోది. ఎంత కట్టగలరో అంతే ఒప్పుకోండి. మొహమాటానికి పెద్ద వాయిదా ఒప్పుకుని రెండో నెలే తప్పితే అసలుకే మోసం. ఇతర అప్పులూ ఉంటే స్టెప్‌చేంజ్, సిటిజన్స్ అడ్వైస్, నేషనల్ డెట్‌లైన్ ఉచితంగా సలహా ఇస్తాయి. వాళ్ళ ద్వారా ‘బ్రీతింగ్ స్పేస్’ పెట్టించుకుంటే అరవై రోజులు వసూళ్ళు, వడ్డీ ఆగుతాయి. కంపెనీ సరిగ్గా స్పందించకపోతే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, జవాబుతో తృప్తి లేకపోతే సీసీడబ్ల్యూకు వెళ్ళండి. దానికి ఫీజు లేదు.

ప్రశ్న: గ్లాస్గోకు మారుతున్నాం. అక్కడా ఇదే పద్ధతా?

జవాబు: కాదు. స్కాట్లండ్‌లో నీళ్ళ చార్జీలు కౌన్సిల్ ట్యాక్స్‌తో కలిపి వస్తాయి, ఎక్కువ ఇళ్ళకు మీటరు ఉండదు. ఉత్తర ఐర్లండ్‌లో ఇళ్ళకు విడిగా నీళ్ళ బిల్లే లేదు.

ప్రశ్న: కొత్తగా కట్టిన ఇల్లు కొన్నాం. పైకప్పు మీద పడే వాననీళ్ళు పెరట్లోని ఇంకుడు గుంతలోకే పోతాయని బిల్డరు చెప్పాడు. బిల్లులో ‘వర్షపు నీటి పారుదల’ అని ఒక పద్దు ఉంది. ఇది మాకెందుకు? (మిల్టన్ కీన్స్)

జవాబు: మీకు అక్కర్లేదు. వాననీరు ఒక్క చుక్క కూడా కంపెనీ మురుగు కాలువలోకి పోకపోతే ఆ పద్దు తీసేయాలి. వాళ్ళంతట వాళ్ళు తీయరు. కొన్న నాటి ప్లాను, డ్రైనేజీ నక్షా వెతికి పట్టుకోండి. పైకప్పు గొట్టాలు ఎక్కడ దిగుతున్నాయో ఫోటోలు తీసి, ‘సర్ఫేస్ వాటర్ రిబేట్’ ఫారంతో పంపండి. ముందు వైపు గొట్టం ఒక్కటి మురుగులో కలిసి ఉన్నా తిరస్కరిస్తారు కాబట్టి, వాన పడే రోజు బయటి మూత తెరిచి నీళ్ళు ఎటు పోతున్నాయో స్వయంగా చూసుకోండి. గడిచిన కాలానికి ఎంత వెనక్కి ఇస్తారన్నది కంపెనీని బట్టి ఉంటుంది. ఎక్కువ కంపెనీలు ఈ ఏడాదికే ఇస్తాయి. అందుకని మార్చి దాటనివ్వకుండా పంపండి.